రాతి కింద నూలుపోగు

మా భవాని పేట్‌లో మెల్లగా మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. సాంచాల చప్పుడు పక్కన పుట్టి పెరిగినవాళ్ళం, గొంతు పెంచకపోతే పని జరగదు. 2025 మార్చిలో ఒక ఉదయం మా వీధి అరుగు మీద అలాగే గట్టిగా ఒక చర్చ జరిగింది. తెలంగాణలో, నారాయణపేట జిల్లా ముడుమాల్ గ్రామంలోని నిలువురాళ్ళను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చారని ఆ రోజు పేపర్లో వార్త. మూడున్నర వేల ఏళ్ళ నాటి రాళ్ళనీ, వాటి చుట్టూ ఆనాటి సమాధులున్నాయనీ రాశారు. వరసకు నాకు మామ అయ్యే ఒక పెద్దాయన పేపరు మడిచి నా వైపు చూపించాడు.

"చూసినవా అల్లుడా, అవి మన తాతలు పాతిన రాళ్ళు. ఈడ మనల్ని తెలంగీ అంటరు, నిన్న మొన్న బతకవచ్చినోళ్ళు అంటరు. నువ్వు ముప్పై ఏండ్లు బడిల చరిత్ర చెప్పినోనివి, పత్రికకు రాస్తవు. ఆ ముక్క గట్టిగ రాయి!"

అరుగు మీది వాళ్ళంతా అవునవునన్నారు. నేను సరేనని తల ఊపి ఇంటికి వచ్చాను గానీ, రాయడానికి కలం కదల్లేదు. చూడని రాయి గురించి, తెలియని తాత గురించి ఏం రాయను? వెళ్ళి చూసి రావాలనుకున్నాను. ఆ అనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మా ఇంటి విషయం.

మా తాత నల్లగొండ ప్రాంతం నుంచి నిజాం రాజ్యపు రోజుల్లో షోలాపురం వచ్చాడు. ఆయన ఒక్కడే కాదు. 1860లో ఇక్కడికి రైలు వచ్చింది, 1877లో మనం 'జూనీ మిల్లు' అనే స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడవడం మొదలైంది. చేతిలో మగ్గం పని, కడుపులో ఆకలి ఉన్న తెలంగాణ సాలె కుటుంబాలు తరం వెంట తరం ఈ ఊరి దారి పట్టాయి. తాత మిల్లులో చేశాడు, ఇంట్లో మగ్గం నేశాడు, ఇక్కడే పోయాడు. పోయే ముందు నాయనతో ఒకే మాట అన్నాడట: "నా బొక్కలు కృష్ణల కలుపు బిడ్డా." నల్లగొండ వాడికి కృష్ణ అంటే ఊరి నీళ్ళే. కానీ అప్పట్లో మా ఇంట్లో రైలు టిక్కెట్టుకు డబ్బు లేదు. నాలుగు రోజులు మగ్గం ఆగితే పొయ్యి కూడా ఆగేది. నాయన అస్థికల కుండ పట్టుకుని విజాపూర్ రోడ్డున టాకళి దాకా పోయి భీమలో కలిపి వచ్చాడు. "భీమ పోయి కృష్ణలనే కలుస్తది గదా" అని తనకు తాను చెప్పుకున్నాడు. బతికినన్ని రోజులూ ఆ మాట మమ్మల్ని అడుగుతూనే ఉండేవాడు: "కలుస్తది గదరా? పుస్తకంల ఉన్నదిగదా?" బడిలో మ్యాపు మీద పిల్లలకు వేలు పెట్టి చూపిన నేను కూడా ఆ సంగమాన్ని కంటితో చూడలేదు.

మ్యాపు తీసి చూస్తే రెండు పనులూ ఒక్కచోటే ఉన్నాయి. భీమ కృష్ణలో కలిసేది తంగిడి దగ్గర. అక్కడే కృష్ణానది తెలంగాణలో అడుగు పెడుతుంది. అక్కడి నుంచి కాస్త కింది వైపు, కృష్ణ ఒడ్డునే ముడుమాల్.

చలికాలం రాగానే బయలుదేరాను.

షోలాపురం నుంచి రాయచూరు వెళ్ళే రైలు మార్గం 1871లో పూర్తయింది. మా పెద్దలు చాలామంది ఎదురు దిశలో వచ్చిన దారి అది. అక్కల్‌కోట్ రోడ్, దుధని, గుల్బర్గా, వాడి, యాదగిరి, ఆ తర్వాత కృష్ణ స్టేషను. దారి పొడుగునా భీమ కనబడదు గానీ కుడివైపు ఎక్కడో మనతో పాటే వస్తూ ఉంటుంది. బోగీలో మరాఠీ తగ్గి కన్నడం పెరిగింది, వాడి దాటాక తెలుగు మాట చెవిన పడింది.

గుల్బర్గా దగ్గర నాకు ఒక తెల్లదొర గుర్తుకొచ్చాడు. పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. మనవాళ్ళకు ఆయన పేరు తెలియకపోయినా ఆయన తిరిగిన నేల తెలుసు. 1808లో లివర్‌పూల్‌లో పుట్టి, పదిహేనేళ్ళ వయసులో బొంబాయి చేరి, నిజాం కొలువులో పనిచేశాడు. 1841 నుంచి 1853 దాకా సురపురం సంస్థానం వ్యవహారాలు చూశాడు. ఆ తర్వాత 1857 దాకా మన పక్కనే ఉన్న నల్దుర్గ్ జిల్లాకు అధికారి. హైదరాబాదు పోయే బస్సులో కోట కనబడుతుందే, ఆ నల్దుర్గ్. తుల్జాపురం నేపథ్యంగా 'తారా' అనే నవల కూడా రాశాడు. అతనికి ఒక పిచ్చి ఉండేది: పొలాల్లో, గుట్టల మీద కనబడే పాత రాతి కుప్పలను తవ్వించి చూడడం. గుల్బర్గాకు దక్షిణంగా భీమ ఒడ్డు ప్రాంతంలో జేవర్గి అనే ఊరుంది. అక్కడి రాతి వలయాలను టేలర్ తవ్వించాడు. ఎముకలు, కుండలు, ఇనుప సామాను దొరికాయి. కొన్ని అస్థిపంజరాలకు తల వేరుగా ఉండడం చూసి, పెద్దమనిషి చనిపోయినప్పుడు తోడుగా వేరేవాళ్ళను బలి ఇచ్చి ఉంటారని ఊహించాడు. సురపురం సీమలో రాజన్‌కోళూరు దగ్గర రాతిపలకలతో కట్టిన గదుల్లాంటి సమాధులను కొలిచి బొమ్మలు గీశాడు. దక్కనులో ఇలాంటి సమాధులను పద్ధతిగా తవ్వి, గీసి, రాసి పెట్టిన తొలివాళ్ళలో ఆయన ఒకడు. ఆ కాలంలో తవ్వేవాళ్ళు నిధుల కోసమే తవ్వేవాళ్ళు. టేలర్ మాత్రం ఏ పొరలో ఏం దొరికిందో గీసి ఉంచాడు. ఆ ఘనత ఆయనకు ఇవ్వాలి.

1860లో ఆయన ఇండియా వదిలి ఐర్లండులో డబ్లిన్ నగరం చేరాడు. 1862లో అక్కడి రాయల్ ఐరిష్ అకాడమీ ముందు తన తవ్వకాల గురించి ఒక పెద్ద వ్యాసం చదివాడు. ఐర్లండు పల్లెల్లో పొలాల మధ్య ఉండే రాతి సమాధులకూ, భీమ ఒడ్డున తాను చూసిన వాటికీ పోలిక ఆయనకు ఆశ్చర్యంగా తోచింది. అదే నిలువు పలకలు, పైన అదే మూతరాయి, అదే వలయం. ఇవన్నీ ఒకే జాతి పని అయి ఉండాలనుకున్నాడు. సెల్టులో, వాళ్ళ పూజారులైన డ్రూయిడ్లో, సిథియన్లో ఇక్కడికీ అక్కడికీ వచ్చి ఉంటారని వ్యాసం పేరులోనే ఆ మాటలు పెట్టాడు.

అది తప్పని ఈనాడు మనకు తెలుసు. డబ్లిన్‌కు ఉత్తరాన బాయిన్ నది లోయలో న్యూగ్రేంజ్ అనే మహా సమాధి ఉంది. దాన్ని కట్టింది సుమారు క్రీ.పూ. 3200లో. లోపలికి 19 మీటర్ల సన్నని దారి. దారి ముఖద్వారం మీద ఒక చిన్న రాతి గవాక్షం. ఏడాదిలో పగలు అన్నిటికంటే పొట్టిగా ఉండే డిసెంబరు రోజుల్లో, పొద్దు పొడవగానే ఆ గవాక్షంలోంచి ఎండ సన్నగా దూరి గర్భగది నేల దాకా పాకుతుంది. 1967 డిసెంబరు 21న మైకేల్ ఓకెల్లీ అనే తవ్వకాల శాస్త్రవేత్త లోపల కూర్చుని దాన్ని కళ్ళారా చూశాడు. ఆ సమాధి కట్టిననాటికి ఐర్లండులో లోహమే లేదు. సెల్టు భాషలు ఆ ద్వీపం చేరింది ఎన్నో వందల ఏళ్ళు, వేల ఏళ్ళు గడిచాకే. మన దక్కను సమాధులేమో ఇనుము తెలిసినవాళ్ళవి. వాటిలో ఎక్కువ భాగం క్రీ.పూ. 1200 తర్వాత క్రీస్తుశకం మొదటి శతాబ్దాల దాకా కట్టినవి. రెండింటికీ మధ్య రెండు వేల ఏళ్ళ దూరం, ఏడు సముద్రాల దూరం. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. చనిపోయినవాణ్ణి ఊరికే వదిలేయడం మనసొప్పక, చేతికి దొరికిన రాయితోనే అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ ఇల్లు కట్టారు.

టేలర్ తప్పు నాకు బాగా అర్థమైంది. ఇరవై ముప్పై ఏళ్ళు పరాయి దేశంలో గడిపిన మనిషి, తన దీవుల రాయిలాంటి రాయిని భీమ ఒడ్డున చూసి 'మావాళ్ళే' అనుకున్నాడు. మా మామ భవాని పేట్ అరుగు మీద పేపరు పట్టుకుని అన్నదీ ఆ మాటే. ఇద్దరూ ఇల్లు వదిలి వచ్చినవాళ్ళే.

కృష్ణ స్టేషనులో దిగేసరికి ఎండ ఎక్కింది. చిన్న స్టేషను. ఆటో మాట్లాడుకుని ముందు తంగిడి వైపు పోయాను. నీళ్ళు తగ్గి రాళ్ళు తేలిన కాలం. ఉత్తరం వైపు నుంచి భీమ వస్తోంది, పడమటి నుంచి కృష్ణ వస్తోంది. గొప్ప దృశ్యమని అనలేను. ఎక్కడ ఒకటి ముగిసిందో, ఎక్కడ రెండోది మొదలైందో గీత గీసి చూపలేం. కలిసిన చోట నీళ్ళు మామూలు నీళ్ళలాగే ఉన్నాయి. నేను చెప్పులు విడిచి మోకాలి లోతు దిగి నిలుచున్నాను. నాయన బతికి ఉంటే "కలిసింది నాయినా, చూసిన" అని చెప్పేవాణ్ణి. చెప్పవలసినవాళ్ళు ఇద్దరూ లేరు. ఆటో పిల్లవాడు ఒడ్డున నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ముఖం కడుక్కుని బయటికి వచ్చాను.

అక్కడి నుంచి ముడుమాల్.

నిలువురాళ్ళు ఊరికి అవతల బీటి పొలాల మధ్య ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఎవరో మనుషులు గుంపుగా నిలబడి మన కోసం ఎదురు చూస్తున్నట్టుంది. దగ్గరికి పోతే ఒక్కొక్కటి పన్నెండు, పద్నాలుగు అడుగుల ఎత్తు. అంత పెద్దవి ఎనభై దాకా ఉన్నాయి. వాటి చుట్టూ చిన్న రాళ్ళు వరుసలు తీరి వేల సంఖ్యలో ఉన్నాయి. ఇంకా పక్కన రాతి వలయాలు, రాతి కుప్పలు. ఆ వలయాలు, కుప్పలే సమాధులు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య కె.పి. రావు ఇక్కడ ఎన్నో ఏళ్ళు పరిశోధించారు. కొన్ని రాళ్ళ వరుసలు అయనాలు మారే రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిగ్గా కుదురుతాయని ఆయన చూపారు. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. అవి ఆకాశంలో సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. న్యూగ్రేంజ్‌లో సమాధి గడపలోకి సూర్యుణ్ణి పిలిచినట్టే, ఇక్కడ సమాధుల నడుమ సూర్యుడి రాకపోకలకు గుర్తులు పాతారు. ఏ రోజు పొద్దు ఎటు వాలుతుందో తెలిస్తే ఏ రోజు విత్తు వేయాలో తెలుస్తుంది. బతికినవాళ్ళ పంటకూ, పోయినవాళ్ళ చోటుకూ ఒకే పొలం చాలింది.

మేకలు కాస్తున్న ఒక అవ్వ నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"ఏ ఊరు సారూ మీది?"

"షోలాపురం అవ్వా."

"షోలాపురమా! దుప్పట్ల ఊరు. మా ఇంట్ల ఉన్నది మీ దుప్పటి, నా పెండ్లి నాటిది. చినిగినా పారెయ్యలె." ఆమె నవ్వింది. "తెలుగు మంచిగనే మాట్లాడుతున్నవు, నడుమ నడుమ వేరే మాట వస్తున్నది."

ఒక రాయికి పసుపు కుంకుమ పూసి ఉంది. ఆమె దాన్ని ఎల్లమ్మ అని చూపించింది. మిగతావాటిని నిలురాళ్ళ తిమ్మప్ప అంటారు. ఈ రాళ్ళన్నీ ఒకప్పుడు మనుషులేననీ, అమ్మవారి శాపం తగిలి నిలబడ్డ చోటే రాళ్ళయ్యారనీ ఊళ్ళో చెప్పుకుంటారు. తెలంగాణలో చాలాచోట్ల ఇలాంటి సమాధులను రాకాసి గుళ్ళంటారు. కొన్నిచోట్ల పాండవులవి అంటారు. కర్ణాటకలో మోరియర మనె అంటారు, అంటే మోరియుల ఇల్లు. ఎవరు పాతారో మరిచిపోయినప్పుడు జనం ఊరుకోలేదు. రాకాసినో, పాండవులనో, శాపాన్నో తెచ్చి ఆ ఖాళీలో నిలబెట్టారు.

"నీకేమనిపిస్తది అవ్వా, ఇవి ఎవరివి?" అని అడిగాను.

"ఎవరివైతేంది సారూ. ఈడ ఉన్నయి, మేమున్నం. మొక్కుతం."

నా చరిత్ర పాఠాలన్నీ విన్న పిల్లలెవరూ ఇంత సూటిగా జవాబు చెప్పలేదు.

ఇక ఆ సమాధుల లోపల ఏముంటుందో చెప్పాలి. ముడుమాల్ రాళ్ళను చూసినంత మాత్రాన అది తెలియదు. తెలంగాణ అంతటా, దక్కను అంతటా తవ్వినచోట్ల దొరికినవాటిని కలిపి చెబుతున్నాను. నేలలో గుంత తవ్వి, రాతిపలకలతో పెట్టెలాగా అమర్చి, అందులో ఎముకలు ఉంచి, మీద మూతరాయి వేసి, చుట్టూ బండలతో వలయం కట్టేవాళ్ళు. చాలాచోట్ల శవాన్ని నేరుగా పాతలేదు. కొంతకాలం వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురి ఎముకలు కూడా ఉంటాయి. కొన్ని రాతి పెట్టెల పలకకు గుండ్రని కన్నం తొలిచి ఉంటుంది. ఇంట్లో ఇంకొకరు పోయినప్పుడు మూతరాయి ఎత్తనక్కర లేకుండా ఎముకలు లోపలికి చేర్చడానికి అది పనికొచ్చిందని కొందరి అభిప్రాయం. ఎముకల పక్కన కుండలు. వాటిని బోర్లించి కాల్చడం వల్ల గాలి తగలని లోపలి భాగం, అంచు నల్లగానూ, మిగతాది ఎర్రగానూ వచ్చేవి. ఇంకా ఇనుప గొడ్డళ్ళు, కొడవళ్ళు, ఈటెలు, పూసలు.

రాళ్ళు ఎంతెంత పెద్దవో నర్మెట్ట చెబుతుంది. సిద్దిపేట జిల్లాలోని ఆ ఊళ్ళో 2017లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు ఒక సమాధి మూతరాయి నలభై టన్నులకు పైగా తూగింది. దాన్ని కదపడానికి క్రేను తెప్పించారు. ఆ కాలంలో క్రేను లేదు. ఊరంతా, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి మోకులు పట్టి, దుంగలు పరిచి లాగి ఉండాలి.

ఆ మోకు దగ్గర నా ఆలోచన ఆగింది. నేను సాలె ఇంటివాణ్ణి. రాయి గురించి ఎంత చదివినా నా కన్ను నూలు కోసమే వెతుకుతుంది. ఆ రాతి పెట్టెల్లో ఎముకలున్నాయి, కుండలున్నాయి, ఇనుమున్నాయి. బట్ట ఏది? ఆ మనిషిని ఒట్టిగా పంపి ఉండరు. ఏరి తెచ్చిన ఎముకలను ఏదో గుడ్డలో మూట కట్టే తెచ్చి ఉంటారు. పూసలు ఏదో దారానికి గుచ్చే ఉంటారు. ఆ కాలపు ఊళ్ళలో నూలు వడికిన మట్టి కదురు బిళ్ళలు దొరుకుతూనే ఉన్నాయి. వడికినవాడు ఉన్నాడు, నేసినవాడు ఉన్నాడు. కానీ వాడి పని మట్టిలో కలిసిపోయింది. కుమ్మరి కుండ పెంకుగానైనా మిగిలాడు, కమ్మరి తుప్పుగానైనా మిగిలాడు. సాలెవాడు మిగలలేదు.

అసలే మిగలలేదా? ఒకటి రెండు చోట్ల మిగిలాడు. అవి మన వైపే ఉన్నాయి.

అహ్మద్‌నగర్ జిల్లాలో ప్రవరా నది ఒడ్డున నేవాసా ఉంది. జ్ఞానేశ్వరుడు 'జ్ఞానేశ్వరి' చెప్పిన ఊరు. పూణె దక్కన్ కాలేజీ వాళ్ళు అక్కడ తవ్వినప్పుడు, ముడుమాల్ రాళ్ళకు దరిదాపు కాలపు ఒక పసిబిడ్డ సమాధి బయటపడింది. ఆ నాటివాళ్ళు పసివాళ్ళను దూరంగా పాతేవాళ్ళు కాదు. రెండు కుండలను మూతికి మూతి చేర్చి, అందులో బిడ్డను పెట్టి, ఇంటి నేల కిందే పూడ్చేవాళ్ళు. భీమకు ఉపనది అయిన ఘోడ్ ఒడ్డున ఇనాంగావ్‌లో 1968 నుంచి 1983 దాకా జరిగిన తవ్వకాల్లో కూడా అదే ఆచారం కనిపించింది. తల్లి వంట చేసే చోటికి, పడుకునే చోటికి నాలుగడుగుల్లో బిడ్డ. పెద్దవాళ్ళను పాతేటప్పుడు చీలమండల కింద పాదాలు తీసేసేవాళ్ళు. లేచి వెళ్ళిపోకుండా, ఇంట్లోనే ఉండిపోవాలని కాబోలు అని తవ్వినవాళ్ళు అనుకున్నారు.

నేవాసాలో ఆ బిడ్డ మెడలో రాగి పూసల దండ ఉంది. రాగి చిలుము పట్టి, ఆ చిలుము పూసల లోపలి దారానికి ఎక్కింది. చిలుము ఎక్కిన పోగును పురుగు ముట్టలేదు, చెమ్మ కుళ్ళబెట్టలేదు. మూడు వేల ఏళ్ళు ఆ పోగు పూసల్లో దాగి ఉంది. ఎ.ఎన్. గులాటీ అనే నూలు శాస్త్రజ్ఞుడు దాన్ని పరీక్షించి, అది పత్తి కలిసిన పట్టు దారమని 1961లో రాశాడు. ఘోడ్ నది ఒడ్డునే ఉన్న చందోలీలో కూడా ఇలాగే రాగి పూసల్లో ఒక దారం మిగిలింది. అది అవిసె నారతో వడికినది. అంతకు చాలా ముందు మొహెంజొదారోలో ఒక వెండి కుండకు అంటుకున్న నూలు గుడ్డ పీలిక కూడా వెండి చిలుము వల్లే బతికింది.

అవిసె నార బట్టనే లినెన్ అంటారు. టేలర్ చివరి రోజుల్లో స్థిరపడ్డ ఐర్లండు లినెన్ నేతకు లోకప్రసిద్ధి పొందిన దేశం. ఐర్లండుకూ భీమ లోయకూ చుట్టరికం కోసం ఆయన రాళ్ళలో వెతికాడు. చందోలీ దారం ఆయన పోయిన ఎనభై ఏళ్ళకు గానీ బయటపడలేదు. చూసి ఉంటే ఏమనేవాడో! నేనైతే ఆ రెండు దేశాల సాలెలు ఒకే జాతి అనను. రెండు చోట్లా నార నానబెట్టి, చీల్చి, వడికిన వేళ్ళ నొప్పి ఒకటేనని మాత్రం అంటాను.

ముడుమాల్ నుంచి తిరుగు రైల్లో నేను ఆలోచించింది ఆ పసిబిడ్డ దండ గురించే. పట్టు అప్పుడు ఎంత అరుదో! దాన్ని చనిపోయిన బిడ్డ మెడలో వేసి పూడ్చారు. తల్లి వేసిందా, అమ్మమ్మ వేసిందా? ఆ దారాన్ని ఎవరు వడికారు? వాళ్ళు ఏ భాషలో ఏడ్చారు? తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం రేనాటి చోళ ధనంజయుడి కలమళ్ళ శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది. ముడుమాల్ రాళ్ళు నిలబెట్టిన నాటి నుంచి ఆ శాసనం చెక్కిన నాటికి గడిచిన కాలం, ఆ శాసనం నుంచి మన దాకా గడిచిన కాలం కంటే ఎక్కువ. అంత దూరం మీదుగా చేయి చాచి 'మా తాత' అని పట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. పేరు పోయింది, మాట పోయింది, కులం అనేది అప్పుడు ఉందో లేదో. చేసిన పని మాత్రం ఉంది. ఎముకలు ఏరి కుండలో పెట్టడం ఉంది. మనమూ మూడో రోజు అస్థి సంచయనం చేసి, ఏరిన ఎముకలు కుండలో పెట్టి, గుడ్డ కట్టి నదికి తీసుకుపోతాం. నాయన టాకళికి పట్టుకుపోయింది అలాంటి కుండనే.

ఇంటికి వచ్చిన మర్నాడు అరుగు మీద మామ అడిగాడు: "పోయొచ్చినవా? మన తాతలవేనా?"

"తెల్వదు మామా," అన్నాను. "తెలుసునని రాస్తే అబద్ధం రాసినట్టయితది. రేపు ఇంకొకడు ఇంకో రాయి చూపించి, 'ఇది మావాళ్ళది, మీరు పొండి' అంటే ఆ మాటకూ తల ఊపాల్సి వస్తది."

మామ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో బతికి, ఈ ఊరి పేరుతో దుప్పట్లు నేసి లోకమంతా కప్పి, ఇంకా 'ఎక్కడివాళ్ళు' అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన మనిషి ఆయన. ఆ ఆశ తప్పని అనను. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుడి రథం ఈ వీధుల్లో కదిలినప్పుడు నాకూ ఛాతీ పొంగుతుంది. కానీ ఆ గర్వానికి మూడున్నర వేల ఏళ్ళ రాయి ఆధారం అక్కరలేదు. కాబట్టి నేవాసా బిడ్డ సంగతి చెప్పాను. రాగి పూసలు, చిలుము, లోపల పోగు, అన్నీ వరసగా చెప్పాను. అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా పేట్‌లో అది చాలా అరుదైన సంగతి.

చివరికి మామ అడిగాడు: "పత్తి, పట్టు కలిపి వడికిండ్రా? రెండూ కలిపి పేనితే ఆ పోగు తెగదు. తెల్సినోడే చేసిండు." కాసేపాగి మళ్ళీ అన్నాడు: "ఎవరో గానీ, పనోడు."

తాత సంగతి కూడా ఇంట్లో చెప్పాను. నా మనవడు మరాఠీ బడిలో చదువుతాడు. మ్యాపు తెచ్చి నా ముందు పరిచాడు. టాకళి దగ్గర వేలు పెట్టించి, భీమ వెంట మెల్లగా కిందికి జరిపించాను. జేవర్గి చేరువ నుంచి, యాదగిరి పక్క నుంచి వాడి వేలు తంగిడి చేరింది. "ఇక్కడ కలుస్తుంది. నేను చూసి వచ్చాను" అన్నాను. వాడు వేలు ఆపలేదు. ముడుమాల్ దాటించి కృష్ణ వెంట ఇంకా ముందుకు, నల్లగొండ దక్షిణపు అంచు దాకా తీసుకుపోయి అప్పుడు తలెత్తి చూశాడు.